డక్టబుల్ ఏసీకి రెండుసార్లు గ్యాస్ ఎక్కించినా మధ్యాహ్నానికి చల్లదనం లేదు, సీలింగ్‌లోంచి నీళ్లు

వేదాయపాళెం_వాసి
నెల్లూరులో మాది డూప్లెక్స్ ఇల్లు. పై అంతస్తుకు 5.5 టన్నుల డక్టబుల్ ఏసీ (ఒకే యూనిట్ నుంచి గొట్టాల ద్వారా అన్ని గదులకూ గాలి పంపేది) పెట్టించి నాలుగేళ్లయింది. హాలు, డైనింగ్, రెండు బెడ్‌రూములు దాని మీదే. ఇండోర్ యూనిట్ కారిడార్‌లో ఫాల్స్ సీలింగ్ పైన ఉంది, ఔట్‌డోర్ మిద్దె మీద. మూడేళ్లు ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుని పడుకున్నాం. ఈ ఏడు మొదలైంది తంటా. పొద్దున ఆన్ చేస్తే గంటసేపు బ్రహ్మాండంగా ఉంటుంది. పదకొండు దాటేసరికి గ్రిల్స్‌లోంచి వచ్చే గాలి సన్నబడుతుంది. మధ్యాహ్నం మూడింటికి 24లో పెట్టినా హాల్లో 30 చూపిస్తుంది. దానికితోడు కారిడార్‌లో లైటు పక్కనుంచి నీటి చుక్కలు. కింద బకెట్ పెట్టి నెట్టుకొస్తున్నాం.

మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ప్రెషర్ గేజి పెట్టి చూసి "గ్యాస్ అయిపోయింది సార్" అని ఎక్కించాడు. ఒక్కోసారికి 4,500. మొదటిసారి ఎక్కించాక నాలుగు రోజులు బాగున్నట్టే అనిపించింది, మళ్లీ మామూలే. నిన్న పిలిస్తే కంప్రెసర్ మార్చాల్సి వస్తుందేమో అన్నాడు. అమ్మకు 74 ఏళ్లు, బీపీ ఉంది. నిన్న మధ్యాహ్నం తల తిరుగుతోందని మంచం మీద కూలబడితే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డబ్బు సంగతి తర్వాత, అసలు జబ్బేంటో తెలిస్తే చాలు.

కావలి_కుర్రోడు
ముందు అమ్మను కింది అంతస్తుకు మార్చండన్నా. కింద స్లాబ్ వేడి తగలదు. రోహిణి కార్తె ముందుంది, రోళ్లు పగిలే ఎండలు ఇంకా రాలేదు.

ఫ్లేర్_నట్
18 ఏళ్లుగా ఏసీ పనిలోనే ఉన్నాను, నెల్లూరే. రెండు ప్రశ్నలు అడుగుతాను. గాలి తగ్గుతోందా, లేక గాలి బాగానే వచ్చి చల్లదనం తగ్గుతోందా? ఔట్‌డోర్ దగ్గర రెండు రాగి పైపులుంటాయి, అందులో లావు పైపు మీద మంచు పడుతోందా? ఏసీ రెండు గంటలు నడిచాక చూసి చెప్పండి.

ఒంగోలు_గిత్త
24లో ఎందుకు పెడుతున్నారు? ఈ ఎండలకు 18లో పెట్టండి, గంటలో గది చల్లబడుతుంది.

వేదాయపాళెం_వాసి
@ఫ్లేర్_నట్ తగ్గేది గాలే. పొద్దున డైనింగ్ గ్రిల్ కింద కర్టెన్ ఊగుతుంది, మధ్యాహ్నానికి కదలదు. ఇప్పుడే మిద్దె ఎక్కి చూశాను. లావు పైపు మీద నల్ల రబ్బరు తొడుగు అయిపోయిన చోట జానెడు మేర తెల్లగా మంచు పేరుకుంది, గోటితో గీకితే పొడిలా రాలింది. అంత ఎండలో మిద్దె మీద మంచేంటని నాకే ఆశ్చర్యం వేసింది.

ఫ్లేర్_నట్
అయితే ఈ క్షణమే కూలింగ్ ఆపేయండి. ఫ్యాన్ మోడ్‌లో పెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి. పైపు మీదే మంచుంటే ఇండోర్‌లో గాలిని చల్లబరిచే కాయిల్ మొత్తం గడ్డ కట్టి ఉంటుంది. అదంతా కరుగుతుంది కాబట్టి నీళ్లు ఇంకా ఎక్కువ కారతాయి, బకెట్ తీయొద్దు. గడ్డకట్టిన కాయిల్‌తోనే నడుపుతూ పోతే లోపల ఆవిరి కావాల్సిన ద్రవం ఆవిరి కాకుండా నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది. ఇప్పటివరకు బాగున్న కంప్రెసర్ అప్పుడు నిజంగానే పోతుంది.

@ఒంగోలు_గిత్త 18లో పెడితే తొందరగా చల్లబడదన్నా. ఇలాంటి మామూలు కంప్రెసర్ 24కైనా 18కైనా ఒకే బలంతో తిరుగుతుంది, ఆగే చోటు ఒక్కటే మారుతుంది. గడ్డ కట్టే కాయిల్‌కి 18 ఇంకా చేటు.

ఒంగోలు_గిత్త
18 సంగతి ఒప్పుకుంటా. కానీ మంచు పడిందంటే గ్యాస్ తక్కువనే కదా? పోయినేడు మా స్ప్లిట్‌కి అచ్చం ఇట్లాగే పైపు మీద మంచు పడింది. నట్టు దగ్గర లీకు. సబ్బు నురగ పెడితే బుడగలు వచ్చాయి. బిగించి గ్యాస్ పట్టించాం, ఇప్పటిదాకా మళ్లీ చూసుకోలేదు. ఆ మెకానిక్ చెప్పింది తప్పని ఎట్టా అంటారు?

ఫ్లేర్_నట్
తప్పని ఇంకా అనలేదన్నా. గ్యాస్ తక్కువైనా మంచు పడుతుంది, గాలి తక్కువైనా మంచు పడుతుంది. మా పనిలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

గ్యాస్ పైపుల్లో మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉంటుంది. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. లీకు లేకపోతే పదేళ్లయినా అంతే ఉంటుంది. అందుకని "గ్యాస్ అయిపోయింది" అని ఎవరన్నా అంటే వెంటనే "ఎక్కడ లీకైంది?" అని అడగాలి. మీ ఇంట్లో లీకు వెతికారా? నురగ పెట్టారా? పెట్టి ఉండరు. నిజంగా లీకుంటే రెండోసారి నింపింది కూడా పోవాలి, అప్పుడు నింపడం వల్ల ఏం లాభం?

గాలి సంగతి చూద్దాం. కాయిల్ మీదుగా టన్నుకు సుమారు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి పోవాలి. మీ 5.5 టన్నులకు 2,200. ఫిల్టర్ మూసుకుపోయి అందులో సగమే పోతోందనుకోండి, కాయిల్‌కి తగినంత వేడి అందదు. దాని వేడిమి సున్నా కిందికి దిగుతుంది, గాలిలో తేమ దాని మీదే గడ్డ కడుతుంది. గడ్డ కట్టేకొద్దీ కాయిల్ మీది పలచని రేకు రెక్కల సందులు మూసుకుపోతాయి, గాలి ఇంకా తగ్గుతుంది, గడ్డ ఇంకా పెరుగుతుంది. రాత్రి ఆపేస్తే కరిగిపోతుంది కాబట్టి పొద్దున గంటసేపు బాగుంటుంది. మీరు రాసింది అచ్చం ఇదే.

ఇప్పుడు గేజి. గాలి తక్కువైతే గేజిలో లో సైడు (కంప్రెసర్‌లోకి గ్యాస్ తిరిగొచ్చే వైపు) ప్రెషర్ కూడా తక్కువ చూపిస్తుంది. ఇంట్లోకి వెళ్లి ఫిల్టర్ చూడకుండా మిద్దె మీదే గేజి పెట్టినవాడికి అది గ్యాస్ తక్కువలాగే కనబడుతుంది. ఎక్కిస్తాడు. నా భయం ఏంటంటే, మీ దాంట్లో ఇప్పుడు గ్యాస్ తక్కువ కాదు, ఎక్కువ ఉంది.

కనిగిరి_ఎండ
మా కనిగిరి వైపు వచ్చి చూడండి ఎండంటే ఏందో. మేం కూలర్‌తోనే నెగ్గుకొస్తున్నాం. వట్టివేళ్ల తడకలు, తొట్టి నిండా నీళ్లు, కిటికీ తెరిచి పెడితే సరి. మీ ఏసీకి కూడా ఔట్‌డోర్ మీద తడి గోనెసంచి కప్పి చూడండి, ఎండ తగలదు.

గూడూరు_నిమ్మ
కనిగిరి అన్నా, మీ దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ పనిచేస్తుంది. మా గూడూరులో, నెల్లూరులో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఉక్కపోత. ఆ తేమకు కూలర్ కూడా తోడైతే గోడలు తడుస్తాయే తప్ప ఒంటి చెమట ఆరదు. పోయినేడు మా అత్తగారికి కూలర్ పెట్టి చూశాం, రాత్రంతా జిడ్డుగా ఉందని ఆవిడే కట్టేయమన్నారు.

వేదాయపాళెం అన్నా, అమ్మగారు నీళ్లు తాగుతున్నారా? పలచని మజ్జిగలో ఉప్పు వేసి గంటకోసారి ఇవ్వండి. బీపీ ఉంది కాబట్టి ఉప్పు ఎంత వేయొచ్చో డాక్టరుని ఒక్కమాట అడగండి.

మైపాడు_అల
ఔట్‌డోర్ ఒకసారి చూసుకోండి. మాది మైపాడు రోడ్డు, సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి మా ఔట్‌డోర్ వెనక అల్యూమినియం రెక్కలు మూడేళ్లకే తెల్ల పిండిలా రాలిపోయాయి, చెయ్యి పెడితే గుల్ల. వేదాయపాళెం దాకా అంత ఉప్పు రాకపోవచ్చు గానీ దుమ్ము తక్కువేం కాదు.

ఫ్లేర్_నట్
గోనెసంచి మాత్రం కప్పొద్దు. ఔట్‌డోర్ వెనకనుంచి గాలి పీల్చి ఇంట్లోని వేడిని బయటకు ఊదాలి, సంచి కప్పితే ఊపిరాడదు. ఎండ తగలకుండా పైన నాలుగడుగుల ఎత్తులో రేకు వేసుకుంటే మంచిదే, పక్కలు తెరిచి ఉండాలి. బోరు నీళ్లు కూడా రోజూ చల్లకండి. మన బోరు నీళ్లలో ఉప్పూ సున్నమూ ఉంటాయి, ఆరాక రెక్కల మీద తెల్ల పొర కడుతుంది. నెలకోసారి మెయిన్ ఆపి, మంచినీళ్లతో కడిగితే చాలు. మైపాడు లాంటి చోట పదిహేను రోజులకోసారి కడగాలి, ఉప్పు నిలవకూడదు.

మొలగొలుకులు
బాబూ, నేను రిటైర్డ్ ఇంజనీరుని. ఊహలు వద్దు, కొలత తీయండి. మెడికల్ షాపులో గాలి వేడి చూసే చిన్న డిజిటల్ థర్మామీటర్లు దొరుకుతాయి, రెండు తెచ్చుకోండి. మంచంతా కరిగాక పొద్దున ఆన్ చేసి ఇరవై నిమిషాలకు ఒకటి రిటర్న్ గ్రిల్ (ఏసీ గదిలో గాలిని వెనక్కి లాగే చోటు) దగ్గర, ఒకటి గాలి వచ్చే గ్రిల్‌లో పెట్టండి. తేడా 8 నుంచి 11 డిగ్రీల మధ్య ఉంటే మామూలు. బాగా ఎక్కువుంటే గాలి తక్కువ. బాగా తక్కువుంటే గ్యాస్ గానీ కంప్రెసర్ గానీ అనుమానించాలి.

కావలి_కుర్రోడు
మా బాబాయి వాళ్ల డక్టబుల్‌కి వేరే కథ. మూడు ఫేజులది. ఉన్నట్టుండి కంప్రెసర్ ఆగిపోయింది, ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. అందరూ కంప్రెసర్ పోయిందన్నారు. తీరా చూస్తే కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి కాంటాక్టర్‌లో రెండు పాయింట్ల మధ్య బల్లి ఇరుక్కుని మాడిపోయి ఉంది. దాన్ని తీసి కాంటాక్టర్ మార్చారు, అంతే. కంప్రెసర్‌కి చెప్పిన రేటులో ఇరవయ్యో వంతు కూడా కాలేదు.

ఫ్లేర్_నట్
నిజమే, బల్లులు, చీమలు మాకు రోజూ ఎదురయ్యేవే. ఎవరూ మూత తీసి వేలు మాత్రం పెట్టకండి. కరెంటు తీసినా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది. @వేదాయపాళెం_వాసి మీది కాంటాక్టర్ జబ్బు కాదు, కంప్రెసర్ తిరుగుతోంది కాబట్టే మంచు పడుతోంది.

వేదాయపాళెం_వాసి
అమ్మ కింద గదిలో ఉంది, కులాసాగా ఉంది. మజ్జిగ సంగతి డాక్టరుని అడిగాను, చిటికెడు వేయొచ్చన్నారు.

@మొలగొలుకులు బాబాయ్ చెప్పినట్టు కొలిచాను. రాత్రంతా ఫ్యాన్‌లో పెట్టి, పొద్దున ఏడింటికి ఆన్ చేశాను. ఏడు ఇరవైకి రిటర్న్ 28.4, హాల్ గ్రిల్ 13.1. తేడా 15 దాటింది. గాలి చల్లగానే ఉంది గానీ బలం లేదు. టిష్యూ పేపరు గ్రిల్‌కి ఆనించి పట్టుకుంటే చివర్లు మాత్రం కదిలాయి.

మొలగొలుకులు
ఇంకేం, తేలిపోయింది. గ్యాస్ తక్కువైతే అంత చల్లగా రాదు.

ఫ్లేర్_నట్
ఔను సార్. ఇప్పుడు ఫిల్టర్ చూడాలి. రిటర్న్ గ్రిల్ తెరవండి, వెనక వలలాంటిది ఉండాలి. లేకపోతే ఇండోర్ యూనిట్ వెనకవైపు పట్టాల్లో ఉంటుంది. ఆఖరిసారి ఎప్పుడు కడిగారు?

వేదాయపాళెం_వాసి
అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. నాలుగేళ్లలో ఎవరూ కడగలేదు, కడగాలని మాకెవరూ చెప్పలేదు. గ్రిల్ తీస్తే వెనక వల లేదు, టార్చి వేస్తే యూనిట్ మూడడుగుల అవతల కనబడుతోంది. పైకెక్కే తలుపు కోసం సీలింగంతా వెతికాను. లేదు. పెట్టించిన రోజు తీసిన ఫోటోలు చూస్తే యూనిట్ కింద చదరంగా ఖాళీ ఉంది. ఇప్పుడక్కడ జిప్సం బోర్డు, దాని మీద పుట్టీ, రంగు, డిజైన్ లైటు. నీళ్లు కారేది సరిగ్గా ఆ లైటు పక్కనే.

గూడూరు_నిమ్మ
అంటే మిషన్‌ని లోపల పెట్టి సమాధి కట్టేశారన్నమాట. ఇంటీరియర్ వాళ్లకు అందమే గానీ రేపు రిపేరు వస్తే ఎట్టా అన్న ఆలోచన ఉండదు.

జిప్సం_బోర్డు
అక్కా, నేను ఆ పనే చేస్తాను, ఒంగోలు, నెల్లూరు రెండు చోట్లా. అందరినీ ఒక్క గాటన కట్టొద్దు. ఏసీ వాళ్లు యూనిట్ వేలాడదీసి వెళ్లిపోతారు, మేం పది రోజుల తర్వాత వస్తాం. తలుపు ఎక్కడ కావాలో గీత గీసి పెట్టేవాళ్లు లేరు. మేం అడిగితే ఇంటివాళ్లు "డోర్ కనబడితే బాగుండదు, మూసేయండి" అంటారు. నాకు ఇది ఎన్నో ఇళ్లలో ఎదురైంది. ఇప్పుడు నేను మూయమంటే మూయను, పని వదులుకుంటా.

వేదాయపాళెం అన్నా, కోయడానికి భయపడొద్దు. ముందు లైటు కనెక్షన్ తీయించండి. బోర్డుని మోసే ఇనుప ఛానల్ ఎక్కడుందో మాగ్నెట్‌తో తెలుస్తుంది, స్క్రూ ఉన్నచోట అంటుకుంటుంది. ఛానల్ తెగకుండా 2 అడుగులకు 2 అడుగులు కోయించండి, చిన్నగా కోస్తే మనిషి భుజాలు పట్టవు. తర్వాత అల్యూమినియం ఫ్రేమ్ డోర్ బిగించి అదే రంగు వేస్తే దగ్గరికొస్తే తప్ప తెలియదు.

ఒంగోలు_గిత్త
ఈ తమ్ముడు చెప్పింది న్యాయంగా ఉంది. మా ఇంట్లో కూడా డోర్ వద్దన్నది మేమే.

ఫ్లేర్_నట్
తమ్ముడు చెప్పినట్టే కోయించండి. కోసేటప్పుడు కింద టార్పాలిన్ పరచండి, యూనిట్ ఆపి ఉంచండి. జిప్సం పొడి యూనిట్‌లో గాలి తోసే ఫ్యాన్ (బ్లోయర్)లోకి పోతే ఇంకో తంటా. తెరవగానే ఏమీ కదపకుండా ఫోటోలు తీసి పెట్టండి.

వేదాయపాళెం_వాసి
ఈరోజు కోయించాం. మా ఆవిడ ఆ సీలింగ్ డిజైన్ మీద ఎంతో ఇష్టం పెట్టుకుంది, రంపం పెట్టేటప్పుడు అక్కడ నిలబడలేక కిందికి వెళ్లిపోయింది. అమ్మ మాత్రం "కొయ్యనీవే, మనిషి ముఖ్యమా మూత ముఖ్యమా" అంది.

బోర్డు ముక్క కిందికి దించగానే అడుగున నానిపోయి అట్టలా వంగింది. లోపలికి తల పెడితే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. ఫిల్టర్ బయటికి లాగాం. దాన్ని ఫిల్టర్ అని చెబితే తప్ప పోల్చుకోలేం. ఒక వైపు మొత్తం బూడిద రంగు దూది పరిచినట్టు, వేలి మందాన. అంచు పట్టి లాగితే దుప్పటిలా ఊడి వచ్చింది, వెనక తెల్లటి వల అప్పుడు బయటపడింది. అందులో దోమలు, దారపు పోగులు, సీలింగ్ పని నాటి తెల్ల పొడి. ఎండకి పట్టి చూస్తే ఒక్క చిల్లులోంచి కూడా వెలుతురు రాలేదు. నాలుగేళ్లు ఆ యంత్రం దీని గుండా ఊపిరి పీల్చిందని తలుచుకుంటే నిజంగా బాధేసింది.

కాయిల్ మీద కూడా మధ్యలో మట్టి పూసినట్టుంది. కాయిల్ కింద నీళ్లు పడే ట్రేలో నల్లటి జిగురు, చెంచాతో తీసేంత. ఫోటోలు పెట్టాను. తర్వాత ఏం చేయాలి?

కావలి_కుర్రోడు
ఆ మూడో ఫోటో చూసి ఇప్పుడే మా ఇంటి ఫిల్టర్లు తీసి కడిగానన్నా.

మైపాడు_అల
అమ్మగారి మాట బాగుంది.

ఫ్లేర్_నట్
సగం పని అయిపోయింది. మిగిలింది వరసలో చేయాలి, తెలిసిన మనిషి చేత చేయించండి. పాత మెకానిక్‌నే పిలిచినా పర్వాలేదు, అతనికి ఈ ఫోటోలు చూపించండి, నేర్చుకుంటాడు.

కాయిల్‌ని ముందు చేత్తో పట్టుకునే బ్లోయర్‌తో పొడి దుమ్ము పోయేలా ఊదాలి. తర్వాత తక్కువ ప్రెషర్ నీళ్లతో, రెక్కలు నిలువుగా ఉంటే పైనుంచి కిందికి కడగాలి. కార్లు కడిగే ప్రెషర్ గన్ పెడితే రెక్కలు పడుకుంటాయి, మళ్లీ గాలి మూసుకుపోతుంది. మోటారుకీ ఎలక్ట్రానిక్ కార్డుకీ ప్లాస్టిక్ కవరు కట్టాలి.

డ్రెయిన్ పైపుకి వాలు ఉందో లేదో లెవెల్ పెట్టి చూడమనండి, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు దిగాలి. యూనిట్ దగ్గరే పైపుకి యూ ఆకారంలో వంపు ఉండాలి. అది లేకపోతే బ్లోయర్ ఆ పైపులోంచి గాలి లాగుతుంది, నీళ్లు దిగకుండా ట్రేలోనే నిలబడి పొర్లుతాయి. మీ సీలింగ్‌లో నీళ్లకు జిగురు ఒక కారణం, ఈ వంపు లేకపోవడం ఇంకో కారణం కావచ్చు.

గ్యాస్ సంగతి ఇవన్నీ అయ్యాకే. ఔట్‌డోర్ పక్కన స్టిక్కర్ మీద ఏ గ్యాస్, ఎన్ని కిలోలు అని ఉంటుంది, చూసి చెప్పండి.

వేదాయపాళెం_వాసి
స్టిక్కర్ మీద ఆర్-410ఏ, 4.2 కేజీ అని ఉంది.

ఫ్లేర్_నట్
అయితే అంచనా మీద కుదరదు. ఉన్నదంతా రికవరీ మిషన్‌తో ఖాళీ సిలిండర్‌లోకి తీయించి కాటా వేయించండి. పైపుల్లో నైట్రోజన్ పట్టి లీకు లేదని తేల్చుకుని, వ్యాక్యూమ్ చేసి (పైపుల్లో గాలీ తేమా లాగేసి), తూకం ప్రకారం 4.2 ఎక్కించాలి. పైపు దూరం ఎక్కువుంటే కంపెనీ లెక్క ప్రకారం కాస్త కలుపుతారు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, అందుకే ద్రవంగానే ఎక్కించాలి, ఆవిరిగా కాదు. సిలిండర్ నిలబెట్టాలా తిరగేయాలా అన్నది దాని మీదే రాసి ఉంటుంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ కంటే దీని ప్రెషర్ చాలా ఎక్కువ, పాత గేజిలూ పాత పైపులూ వాడనివ్వొద్దు.

మొలగొలుకులు
ఫోటోలు నాలుగుసార్లు చూశాను. రెండో ఫోటోలో యూనిట్ వెనక భాగానికీ కారిడార్ గ్రిల్‌కీ మధ్య గాలి వెళ్లే మూసిన డబ్బా లేదు. ఊరికే తెరిచి ఉంది. అంటే ఆ యూనిట్ గదిలో గాలినే కాదు, సీలింగ్ పైన స్లాబ్ కింద మరిగే గాలిని కూడా లాగుతోంది. మధ్యాహ్నం మూడింటికి థర్మామీటరు ఆ పైన పెట్టి చూడు బాబూ.

వేదాయపాళెం_వాసి
పెట్టాను బాబాయ్. 43.

మొలగొలుకులు
చల్లబరచాల్సిన గది 30, లాగే గాలిలో కొంత 43. కాయిల్ ఎంత శుభ్రం చేసినా మధ్యాహ్నం నీకు సుఖం ఉండదు. గ్రిల్ నుంచి యూనిట్ దాకా రేకు డబ్బా కట్టించి, బయట నైట్రైల్ రబ్బరు షీటు అంటించి, సందులన్నీ టేపు వేయించు. మిద్దె మీద తెల్లసున్నం కూడా కొట్టించు, మా నాన్న కాలం నుంచీ మేం చేసేది అదే.

ఫ్లేర్_నట్
సార్ పట్టుకున్నది నేను ఫోటోలో గమనించలేదు. డబ్బా తప్పనిసరి.

వేదాయపాళెం_వాసి
వారం పట్టింది, అయిపోయింది. వరసగా చెబుతాను.

పాత మెకానిక్‌నే పిలిచాను. ఫిల్టర్ చూపిస్తే తల దించుకుని "లోపలికి దారి లేదు సార్, అందుకే చూడలేదు" అన్నాడు. కోపం వచ్చింది, కానీ దారి మూసింది మేమే కదా. కాయిల్ కడగడానికి ఇద్దరికి మూడు గంటలు పట్టింది. మొదటి రెండు బకెట్లు కాఫీ డికాషన్‌లా వచ్చాయి, నాలుగో బకెట్టుకి తేటపడింది. డ్రెయిన్ పైపు యూనిట్ నుంచి దిగాల్సింది పోయి మధ్యలో అంగుళం పైకి లేచి ఉంది. మార్చి, వంపు పెట్టించాం. ఇప్పుడు బయట పైపు కింద బకెట్ పెడితే మధ్యాహ్నం రెండు గంటల్లో నిండుతోంది. ఇన్నాళ్లూ ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయో!

గ్యాస్ తీసి కాటా వేస్తే 5.1 కిలోలు. ఫ్లేర్_నట్ అన్న చెప్పినట్టే 900 గ్రాములు ఎక్కువ. లీకు లేదు, నైట్రోజన్ పట్టి రాత్రంతా వదిలితే గేజి ముల్లు కదల్లేదు. 4.2 ఎక్కించారు.

రేకు డబ్బా నిన్న బిగించారు. ఈరోజు మధ్యాహ్నం మూడింటికి రిటర్న్ 26.8, గ్రిల్ 16.4. హాలు 25. లావు పైపు మీద మంచు లేదు, చెమట పట్టినట్టు నీటి చుక్కలు మాత్రం ఉన్నాయి. డైనింగ్ కర్టెన్ మధ్యాహ్నం కూడా ఊగుతోంది. అమ్మ భోజనం చేసి పైన తన గదిలోనే పడుకుంది.

ఒంగోలు_గిత్త
నేను మొదట వాదించిన మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క అనుమానం మాత్రం ఉంది. అంత గ్యాస్ ఎక్కువుంటే మొదటిసారి ఎక్కించాక నాలుగు రోజులు ఎందుకు బాగుంది?

ఫ్లేర్_నట్
మంచి ప్రశ్న. మెకానిక్ పనిచేసినంతసేపు ఏసీ ఆపీ వేసీ ఉంటారు కాబట్టి ఆరోజుకి గడ్డ కరిగిపోయి ఉంటుంది. ఇంకోటి, గ్యాస్ పెంచితే కాయిల్ ప్రెషర్ కాస్త పెరుగుతుంది, దానితోపాటు కాయిల్ వేడిమి కూడా. గడ్డ కట్టడం కొన్నాళ్లు ఆలస్యమవుతుంది. ఫిల్టర్ ఇంకాస్త మూసుకోగానే మళ్లీ మొదటికే. జ్వరానికి కారణం చూడకుండా మాత్ర వేసినట్టే.

కనిగిరి_ఎండ
రెండు గంటలకు బకెట్ నీళ్లా! ఆ నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీకి పోసుకోవచ్చా? మా దగ్గర నీటికి ఎంత కటకటో మీకు తెలుసు.

ఫ్లేర్_నట్
బ్యాటరీకి వద్దన్నా. చూడ్డానికి తేటగా ఉన్నా కాయిల్ మీది దుమ్ము, రాగి, అల్యూమినియం కొంత కలుస్తాయి. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే. మొక్కలకు, ఇల్లు తుడవడానికి హాయిగా వాడుకోండి.

గూడూరు_నిమ్మ
రెండు బెడ్‌రూముల్లోనూ ఒకేలా చల్లబడుతోందా? మా చెల్లెలి ఇంట్లో తలుపు వేస్తే గది చల్లబడదు, తీస్తే చల్లబడుతుంది.

వేదాయపాళెం_వాసి
అక్కా, సరిగ్గా అదే ఒకటి మిగిలింది. అమ్మ గది బాగుంది. పిల్లల గది తలుపు వేస్తే రెండు డిగ్రీలు ఎక్కువ.

ఫ్లేర్_నట్
గదిలోకి వెళ్లిన గాలి తిరిగి కారిడార్‌లోకి రావాలి. తలుపు వేస్తే దారి లేదు, కాబట్టి కొత్త గాలి కూడా లోపలికి దూరదు. తలుపు అడుగున అంగుళం సందు తీయించండి, లేదా తలుపు పైన గోడకు చిన్న గ్రిల్ పెట్టించండి.

వేదాయపాళెం_వాసి
కార్పెంటర్ వచ్చి తలుపు అడుగు కోశాడు. ఇప్పుడు తలుపు వేసినా హాలుకూ పిల్లల గదికీ తేడా అర డిగ్రీయే. సీలింగ్ డోర్‌కి రంగు వేయించాం, లోపలివైపు ఫిల్టర్ కడిగిన తేదీలు పెన్సిల్‌తో రాస్తున్నాను.

జిప్సం_బోర్డు
ఆ డోర్ ఫోటో ఒకటి పెట్టండన్నా. రేపు ఒంగోలులో ఒక ఇంట్లో ఇదే గొడవ ఉంది, వాళ్లకు చూపిస్తా.

ఒంగోలు_గిత్త
తమ్ముడూ, ఒంగోలు వచ్చినప్పుడు మా ఇంటికి కూడా రా. మా హాల్లో కోయాల్సింది ఒకటుంది.